బూత్‌బే తోటలో చెక్క మహాకాయులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది విజయవాడ. బోస్టన్ దగ్గర ఉంటున్న మా అబ్బాయి ఇంటికి ఈ వేసవిలో వచ్చాము. మెయిన్ రాష్ట్రంలోని ఒక బొటానికల్ గార్డెన్‌లో పాత చెక్కలతో చేసిన పెద్ద పెద్ద బొమ్మలు ఉన్నాయని, అక్కడికి తీసుకువెళ్లమని మనవలు పట్టుబడుతున్నారు. రానూ పోనూ ఆరు గంటల ప్రయాణం. నాకు మోకాళ్ల నొప్పులు. చెక్క బొమ్మల కోసం అంత దూరం వెళ్లాలా? వెళితే ఎలా చూడాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీరు చెబుతున్నది బూత్‌బే అనే ఊళ్లో సముద్రపు పాయ ఒడ్డున ఉన్న కోస్టల్ మెయిన్ బొటానికల్ గార్డెన్స్. పోయిన సంవత్సరం జూలైలో మా చెల్లెలి కుటుంబంతో కలిసి అక్కడ ఒక రోజంతా గడిపాను కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఆ తోట సంగతి చెప్పాలి. 1991లో స్థానికులు కొందరు కలిసి మొదలుపెట్టిన ప్రయత్నమది. 1996లో 128 ఎకరాల అడవి అమ్మకానికి వచ్చినప్పుడు, చేతిలో తగినంత డబ్బు లేక, వారిలో కొందరు తమ సొంత ఇళ్లను హామీగా పెట్టి మరీ ఆ భూమిని కొన్నారు. 2007లో తోట ప్రజలకు తెరుచుకుంది. ఇప్పుడది సుమారు మూడు వందల ఎకరాలు. ఒక తోట కోసం ఉన్న ఇంటిని తాకట్టు పెట్టగలిగిన మనుషులు ఉన్నారని తెలిశాక, ఆ బాటల మీద నడుస్తుంటే నాకు ప్రతి చెట్టూ ఎవరో దాచి ఇచ్చినదానిలా కనిపించింది.

బొమ్మలు 2021లో వచ్చాయి. చేసినవారు డెన్మార్క్ కళాకారుడు థామస్ డాంబో. ఆయన ప్రపంచమంతటా ఇలాంటివి వందకు పైగా నిలబెట్టారు. వీటిని ట్రోల్స్ అంటారు. ఇంటర్నెట్‌లో మనం వినే ట్రోలింగ్ అనే మాటతో కలిపి చూడకండి. ఇక్కడ ట్రోల్ అంటే ఉత్తర ఐరోపా జానపద కథల్లో కొండల్లోనూ అడవుల్లోనూ ఉండే మహాకాయుడు. బూత్‌బేలో అయిదుగురున్నారు, అయిదుగురూ కలిస్తే ఒక చెట్టు. రోస్క్వా కాండం, బిర్క్ వేళ్లు, సోరెన్ కొమ్మలు, గ్రో ఆకులు, లిల్యా పూలు. డానిష్ భాషలో బిర్క్ అంటే బర్చ్ చెట్టు, గ్రో అంటే పెరగడం. ఈ పేర్ల సంగతి కారులోనే మనవలకు చెప్పి ఉంచితే, అక్కడ ఎదురైన ప్రతి బొమ్మనూ ఇది చెట్టులో ఏ భాగమో వాళ్లే పోల్చుకుంటారు. ఈ అయిదుగురూ విత్తనాలకు కాపలాదారులని కథ. పిల్లలు ఒక్కొక్కరి దగ్గర ఆనవాళ్లు వెతుక్కుంటూ తిరుగుతారు కాబట్టి నడక బరువనిపించదు.

మీ మోకాళ్ల విషయానికి వస్తే, బొమ్మలన్నీ ఒకచోట లేవు. ప్రధాన ఉద్యానం దాటి అడవిబాటల్లో దూరదూరంగా ఉన్నాయి. అయిదింటినీ చూసి తీరాలన్న పట్టుదల మీకు వద్దు. రెండు చూసి, మిగిలినవి పిల్లలకు వదిలి, మీరు అయిదు ఇంద్రియాల పేరుతో ఉన్న లెర్నర్ ఉద్యానంలో కూర్చోండి. చూపు సరిగా లేనివారు కూడా వాసనతో, స్పర్శతో మొక్కలను తెలుసుకునేలా దాన్ని తీర్చిదిద్దారు. నేను వెళ్లిన రోజు అక్కడ ఒక పెద్దావిడ ఆకులను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. వీల్‌చెయిర్, బ్యాటరీ బండి వంటి వసతుల గురించి ముందే ఫోన్ చేసి అడగడం మంచిది.

ఎలా చూడాలని కూడా అడిగారు, అది మంచి ప్రశ్న. చాలామంది బొమ్మ ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. దూరం నుంచి ముఖం చూశాక, దగ్గరికి వెళ్లి బొమ్మ వెనుకవైపు కూడా చూడండి. ఒక బొమ్మ వెనుక భాగంలో, మోచేయి కింద, నెరిసిన పలక ఒకటి కనిపించింది. దాని మీద పాత మేకుల రంధ్రాలు రెండు వరుసలుగా ఉన్నాయి. రంధ్రం చుట్టూ తుప్పు కారి నల్లటి మరక పడింది, పక్కనే సగం చెరిగిన అంకెలు. ఒకనాడు ఏ ఓడలోనో లారీలోనో సరుకు మోసిన చెక్క అది. దాని పైనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, బతికున్న చెట్టు బెరడు. చెట్టు నుంచి పలకగా మారి, పారవేతకు సిద్ధమై, మళ్లీ చెట్ల మధ్యకు వచ్చి కూర్చున్న ఆ చెక్క దగ్గరే నేను అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాను.

ప్రయాణానికి కొన్ని మాటలు. మే నుంచి అక్టోబరు నడిమి వరకు అనువైన కాలం. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. శనివారమైతే ఉదయం ఏడింటికల్లా బయలుదేరండి, ఎందుకంటే విస్కాసెట్ అనే చిన్న ఊరి వంతెన దగ్గర వేసవిలో వాహనాలు బారులు తీరతాయి. అడవిబాటల్లో జింక గోమార్లు ఉంటాయి, వాటి కాటుతో లైమ్ అనే జబ్బు వస్తుంది. కనుక చీర, చెప్పులు ఆ ఒక్కరోజు పక్కన పెట్టి, నిండు పైజామా, మేజోళ్లు, బూట్లు వేసుకోండి. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, తలలో వెతకండి.

ప్రశ్న: పాత చెక్క అంటున్నారు కానీ అంత పెద్ద బొమ్మకు కొత్త కలప వాడకుండా ఉంటారా? ఆ వానకు, మంచుకు కుళ్లిపోదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డాంబో పనిలో ప్రధానమైన సరుకు ప్యాలెట్లు, అంటే సరుకు పెట్టెల కింద వేసే చెక్క చట్రాలు. బొమ్మ లోపల బలమైన చట్రం నిలబెట్టి, దాని మీద చిన్న పలకలను ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా, మన పెంకుటిళ్ల పెంకుల్లాగా కప్పుకుంటూ పోతారు. నీరు నిలవకుండా జారిపోవడానికి అదే ఉపాయం. స్థానిక స్వచ్ఛంద సేవకులు కూడా పనిలో పాలుపంచుకుంటారు. మన పల్లెల్లో పాత ఇల్లు విప్పినప్పుడు దూలాలు, వాసాలు, ద్వారబంధాలు కొని మళ్లీ వాడుకునే అలవాటు ఉంది కనుక మీకు ఇది వింతగా తోచదనుకుంటాను.

కుళ్లుతుంది. అవి శిలావిగ్రహాలు కావు, మరమ్మతులు చేసుకుంటూ కాపాడుకోవాల్సినవే. అయితే కొన్నిసార్లు వాన కంటే ముందు జనమే ముప్పు తెస్తారు. కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో 2018లో నిలిపిన ఇసాక్ హార్ట్‌స్టోన్ అనే బొమ్మను చూడటానికి అంచనాకు మించి జనం వచ్చి, చుట్టుపక్కల ఇళ్లవారికి ఇబ్బంది కలగడంతో ఆ నవంబరులోనే విప్పేశారు. మరుసటి ఏడాది అదే ఊళ్లో, ఇళ్లకు దూరంగా మరో చోట మళ్లీ కట్టారు.

ప్రశ్న: అనకాపల్లి జిల్లాలో ఉపాధ్యాయుడిని. మా బడి దగ్గరి కర్మాగారం వారు పాత ప్యాలెట్లు ఇస్తామన్నారు. పిల్లలతో అలాంటి బొమ్మ ఒకటి చేయించవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: చేయించండి, కానీ చెక్కను ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. ఎగుమతి ప్యాలెట్ల మీద కంకి గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే, చెక్క లోపలి వరకు 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలపాటు తగిలేలా చేసి పురుగును చంపారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని అర్థం, దాన్ని తీసుకోవద్దు. ముద్ర లేని ప్యాలెట్ మీద ఏమి ఒలికిందో చెప్పలేము. నూనె మరకలు, మందు వాసన ఉంటే వెనక్కి పంపండి.

మన దగ్గర మంచు బెడద లేదు కానీ చెదలుంది. బొమ్మను నేల మీద నేరుగా నిలపకుండా కడప బండల మీద కూర్చోబెట్టండి. చెదల కోసం వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం మనవైపు అలవాటే అయినా, పిల్లలు ముట్టుకునే బొమ్మకు అది కూడదు. తుపాను గాలులు మీకు తెలియనివి కావు, కాబట్టి నిలువు బొమ్మ కంటే వెడల్పుగా కూర్చున్న బొమ్మ నయం. దాన్ని బండలకు ఇనుప పట్టీలతో బిగించండి. పలకలకు మేకులు కాక స్క్రూలు వాడితే, పాడైన పలక ఒక్కటీ విప్పి మార్చుకోవచ్చు.

రంపం, మేకులు పీకే పని వడ్రంగికి వదలండి. పీకిన మేకులన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేయించి, సాయంత్రం ఒక అయస్కాంతంతో నేలంతా ఒకసారి వెతికించండి. మర్నాడు పొద్దున్నే అదే నేల మీద మీ పిల్లలు వట్టికాళ్లతో పరుగులు తీస్తారు.