ఇంటి వర్క్‌షాపుకు క్యాడ్ ఎంచుకునే ముందు: అమ్మాయికి పెదనాన్న లేఖ

విజయవాడ

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేసి, బ్రాడీపేటలో మీ ఇంటి వెనక రేకుల షెడ్డును నువ్వు వర్క్‌షాపుగా మారుస్తున్నావని, వడ్రంగం సామాను కొన్నావని, త్రీడీ ప్రింటరుకు కూడా డబ్బు కట్టావని చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల ఉద్యోగం చేసుకుంటూనే తన చేతులతో వస్తువులు తయారు చేయాలనుకుంటున్నదని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. అయితే అదే ఫోనులో అతను చెప్పిన ఇంకో రెండు సంగతులు నాకు నిద్ర పట్టనివ్వలేదు. డ్రాయింగులు గీయడానికి లక్ష రూపాయలు దాటిన లాప్‌టాప్‌ను వాయిదాల మీద తీసుకోబోతున్నావట. నీతో పనిచేసే అబ్బాయి ఎవరో ఖరీదైన క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే కంప్యూటరులో డ్రాయింగులు గీసే ప్రోగ్రాముకు, డబ్బు కట్టకుండానే దాన్ని తెరిచే క్రాక్ పెన్‌డ్రైవులో తెచ్చిస్తానన్నాడట.

లాప్‌టాప్ సంగతి ముందు తేల్చేస్తాను. ఇంట్లో స్టూళ్లు, పెట్టెలు, ఆటబొమ్మలు గీసుకునే పనికి అంత ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఇప్పుడు నీ దగ్గర ఉన్న దానిలో ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే మొదలుపెట్టవచ్చు, పదహారు ఉంటే ఇంకా మంచిది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి నడుమ చక్రం ఉన్న మంచి మౌస్, మందం, వ్యాసం కొలిచే డిజిటల్ వెర్నియర్ ఒకటి కొనుక్కో. టచ్‌ప్యాడ్ మీద వేలితో త్రీడీ బొమ్మను తిప్పబోతే వారం రోజుల్లో విసుగు పుట్టి మానేస్తావు.

క్రాక్ సంగతి మాత్రం ఒక్క మాటతో వదలలేను. బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నదానివి, ఆ పెన్‌డ్రైవు తీసుకుందామని నీకు ఎలా అనిపించిందమ్మా? అలాంటివి ఎక్కించేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపేయమని ముందే చెబుతారు. ఎందుకు ఆపమంటున్నారో ఒక్క నిమిషం ఆలోచించి చూడు. నీ జీతం పడే ఖాతా, మీ అమ్మ పెన్షన్ కాగితాలు, పిల్లవాడి ఫొటోలు అన్నీ ఉన్న కంప్యూటరులోకి ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును తలుపు తీసి పిలవడం అవుతుంది. పైగా గీత గీసి బతికిన మనిషిగా చెబుతున్నాను, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లదీ కష్టమే. డబ్బు పెట్టలేనప్పుడు దొంగిలించవలసిన అవసరం ఇప్పుడు లేదు, ఎందుకంటే ధర్మంగా ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి.

ఉచితం అన్న మాట దగ్గరే నా అసలు భయం ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని సౌకర్యాలున్నాయి, ఏది తొందరగా వస్తుంది అని అందరూ చూస్తారు. నువ్వు మాత్రం ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: రేపు ఆ కంపెనీ నియమాలు మార్చినా, మూతపడినా, నేను గీసుకున్న డ్రాయింగులు నా చేతికి వస్తాయా? ఈ ప్రశ్న వేసుకోకపోతే ఏమవుతుందో నేను ఆటోనగర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినప్పుడు కళ్లారా చూశాను. అది నీకు వివరంగా చెప్పాలి.

మా వర్క్‌షాపులో బోర్డు మీద మినీడ్రాఫ్టర్ అనే గీతల పనిముట్టు బిగించి, ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నులతో గీసేవాళ్లం. మే నెలలో చెమట చుక్క పడితే షీటు పాడవుతుందని మణికట్టుకు చేతిరుమాలు కట్టుకుని పనిచేసేవాళ్లం. రైస్ మిల్లుల విడిభాగాలు, పంపుల భాగాలు, లారీ బాడీల బ్రాకెట్లు, అన్నింటి ట్రేసింగులూ ఒక ఇనప బీరువా నిండా ఉండేవి. 1990ల చివరలో మా యజమాని కంప్యూటర్ కొన్నాడు. ఆటోకాడ్ ధర ఆయనకు అందుబాటులో లేదు. అందుకని ఒక చిన్న కంపెనీ అమ్మే చవక డ్రాయింగ్ ప్యాకేజీ తీసుకున్నాడు. ప్రింటర్ తీగ తగిలించే చోట అగ్గిపెట్టె అంత లాకు ఒకటి గుచ్చితేనే ఆ ప్రోగ్రాము తెరుచుకునేది. మేము పాత ట్రేసింగులన్నీ ఒక్కొక్కటే చూసి అందులో మళ్లీ గీశాం. ఆ పని పూర్తయ్యాక ఆయన ట్రేసింగులన్నింటినీ పాత కాగితాల వాడికి తూకానికి వేసేశాడు. వద్దండీ, ఒక మూల పడి ఉంటాయి అని బతిమాలాను. అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా, బీరువా ఖాళీ అవుతుంది అన్నాడు.

కొన్నేళ్లకు ఆ లాకు పాడైంది. కొత్తది అడుగుదామంటే ఆ కంపెనీ అప్పటికే మూతపడింది. కంప్యూటర్‌లో ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తూనే ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. ఆ ప్రోగ్రాము తన సొంత పద్ధతిలో దాచుకున్న ఫైళ్లను వేరే ఏ ప్రోగ్రామూ చదవలేకపోయింది. దుఃఖం ఏమిటంటే, అందరూ చదవగలిగే డీఎక్స్‌ఎఫ్ పద్ధతిలో ఇంకో కాపీ దాచుకునే సౌకర్యం ఆ ప్యాకేజీలోనే ఉండేది. లాకు బాగున్నంతకాలం దాని అవసరం ఉందని యజమానికి తోచలేదు.

ఆ తరువాత చేయగలిగింది ఒక్కటే. పాత భాగం ఎవరైనా రిపేరుకు తెస్తే దాన్ని కొలిచి మళ్లీ గీయడం. నేను సెలవులో ఉన్న వారంలో తెనాలి వైపు నుంచి ఒక రైస్ మిల్లు ఎలివేటర్ బేరింగ్ హౌసింగ్, అంటే బేరింగ్ కూర్చునే గూడు, వచ్చింది. అందులో కూర్చునేది 6205 బేరింగ్, దాని బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు. లేతు మీది కుర్రవాడు రంధ్రం వ్యాసం కొలిచే బోర్ గేజి పెట్టి చూస్తే 52.08 వచ్చింది. ఆ అబ్బాయి నిజాయితీగా కొత్త పోత ముక్కను 52.08కే బోరు చేశాడు. బేరింగ్ బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. అప్పుడైనా ఎవరికీ అనుమానం రాలేదు. మిల్లులో అది తిరగడం మొదలుపెట్టాక బేరింగ్ బయటి రింగు కూడా హౌసింగ్‌లో తిరిగి, వేడెక్కి, సీజన్ మధ్యలో మిల్లు ఆగిపోయింది. తూకానికి పోయిన ట్రేసింగు మీద ఆ బోరు పక్కన 52 హెచ్7 అని స్టెన్సిల్ పెట్టి నేనే రాశాను. అంటే 52.00కు తగ్గకూడదు, 52.03 దాటకూడదు అని. అరిగిపోయిన ఇనుమును ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ మాట అది చెప్పదు. మా యజమాని మంచివాడు, ఏ నెలా జీతం ఆలస్యం చేయలేదు. ఆ మిల్లు వాళ్ల ముందు ఆయన చేతులు కట్టుకుని నిలబడడం చూసి నాకు గుండె తరుక్కుపోయింది.

ఇప్పుడు లాకు ప్రింటర్ దగ్గర ఉండదు, ఇంటర్నెట్ అవతల కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఉచిత సాఫ్ట్‌వేర్ల షరతులు చదువు. ఆటోడెస్క్ వారి ఫ్యూజన్ ఎంతో చక్కని పనిముట్టు. సొంత వాడకానికి ఉచితమే. కానీ 2020లో ఆ ఉచిత వాడకానికి ఒక్కసారిగా కోతలు పెట్టారు. మార్చుకోవడానికి వీలుగా పది డాక్యుమెంట్లు మాత్రమే ఉంచుకోవచ్చన్నారు. వేరే త్రీడీ ప్రోగ్రాములు కూడా చదవగలిగే స్టెప్ ఫైలుగా బయటికి తీసుకునే సౌకర్యాన్ని కూడా తీసేస్తామని ప్రకటించి, వాడుకదారులు గగ్గోలు పెట్టిన తరువాత ఆ ఒక్కదానిలో వెనక్కి తగ్గారు. అది వ్యాపారానికి వాడకూడదన్న షరతు కూడా ఉంది. నువ్వు ఎప్పటికైనా బొమ్మలు చేసి అమ్ముతానంటున్నావు కాబట్టి, ఆ షరతు మొదటి రోజు నుంచే నీకు అడ్డు. ఆన్‌షేప్ బ్రౌజర్‌లో నడుస్తుంది, మామూలు కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, కానీ ఉచిత ఖాతాలో నువ్వు గీసినదంతా లోకానికి కనిపిస్తుంది. స్కెచప్‌ను గూగుల్ 2006లో కొని, 2012లో ట్రింబుల్‌కు అమ్మింది. కంప్యూటర్‌లో ఎక్కించుకునే ఉచిత స్కెచప్ 2017 వెర్షన్‌తో ఆగిపోయింది, ఇప్పుడు ఉచితంగా దొరికేది బ్రౌజర్‌లోనే. టూడీ గీతలకు చాలామంది నమ్ముకున్న డ్రాఫ్ట్‌సైట్ 2019లో ఉచిత వెర్షన్‌ను ఆపేసింది. సీమెన్స్ వారి సాలిడ్ ఎడ్జ్‌లో అభిరుచి కోసం పనిచేసేవారికి ఉచిత కూర్పు ఉంది, అయితే అందులో చేసిన ఫైలు వారి వ్యాపార కూర్పులో తెరుచుకోదు. ఈ కంపెనీలను నేను తప్పుపట్టడం లేదు. వారి సరుకు, వారి ఇష్టం. నీ డ్రాయింగులు మాత్రం నీ ఇష్టంలో ఉండాలి.

అందుకని నా సలహా ఇది. పలక మీద కోయించే పనికి, అంటే ప్లైవుడ్, అక్రిలిక్, రేకు ముక్కలకు లిబ్రేక్యాడ్ చాలు. త్రీడీ ప్రింటరుకు, నాలుగు ముక్కలు కలిపి కట్టే వస్తువులకు ఫ్రీక్యాడ్ నేర్చుకో. రెండూ ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, రెండూ నీ కంప్యూటర్‌లోనే నడుస్తాయి, వాటితో చేసిన వస్తువును అమ్ముకున్నా అడిగేవారు లేరు. కరెంటు ఉండి నెట్ పోయిన రోజున కూడా పని ఆగదు. మొదటి వారం చెయ్యి తిరగడానికి బ్రౌజర్‌లో టింకర్‌క్యాడ్‌తో ఆడుకున్నా తప్పులేదు.

ఫ్రీక్యాడ్ నీకు మొదట్లో కోపం తెప్పిస్తుంది, ఇది ముందే చెబుతున్నాను. పనిముట్లను వర్క్‌బెంచ్‌లు అనే గుంపులుగా విడదీశారు, బటన్లు ఒక వర్క్‌బెంచ్‌లో ఉన్నవి ఇంకో దానిలో ఉండవు. నువ్వు పార్ట్ డిజైన్, స్కెచర్ అన్న రెండింటితోనే కొన్ని నెలలు గడుపు. ఇంకో చిక్కు చాలా ఏళ్లు అందరినీ ఏడిపించింది: మొదట గీసిన స్కెచ్‌లో ఏదైనా మారిస్తే, దాని మీద ఆధారపడిన రంధ్రం ఎగిరి వస్తువు ఇంకో పక్క ముఖం మీద కూర్చునేది. ప్రోగ్రాము లోపల ప్రతి ముఖానికీ ఒక అంకె ఇచ్చుకోవడం, ఆకారం మారితే ఆ అంకెలు తారుమారు కావడం దానికి కారణం. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో దీన్ని చాలావరకు సరిచేశారు. అంతకు ముందు వెర్షన్ ఎవరైనా ఇస్తే తీసుకోకు. 1.0 తరువాతిదైనా సరే, వీలైనంతవరకు స్కెచ్‌లను వస్తువు ముఖాల మీద కాకుండా, ప్రోగ్రాము ఇచ్చే, ఎప్పటికీ మారని మూల తలాల మీద గీసే అలవాటు చేసుకో.

దానిలో నాకు అన్నిటికన్నా నచ్చినది స్ప్రెడ్‌షీట్. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని కొన్న షీటుకు వెర్నియర్ పెట్టి చూస్తే సరిగ్గా పన్నెండు ఉండకపోవడం మామూలే. పెట్టె మూలల్లో పళ్లు పళ్లుగా కలిసే జాయింటు గీసినప్పుడు ప్రతి గాడి లోతునూ చేత్తో 12 అని కొట్టావనుకో, షీటు 11.4 ఉంటే ప్రతి మూలా బయటికి పొడుచుకు వస్తుంది. అదే స్ప్రెడ్‌షీట్‌లో మందానికి ఒక పేరు పెట్టి, స్కెచ్‌లో కొలతలన్నీ ఆ పేరుకు కడితే, కొత్త షీటు కొన్నప్పుడల్లా ఒక్క గడిలో అంకె మార్చితే పెట్టె మొత్తం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. బోర్డు మీద అయితే ఈ పనికి నేను షీటు మొత్తం మళ్లీ గీసేవాడిని తల్లీ. అది తెర మీద కదలడం మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

లేజర్ కోతకు ఇచ్చేటప్పుడు యూనిట్ల విషయంలో జాగ్రత్త. డీఎక్స్‌ఎఫ్ ఫైలులో యూనిట్ రాసే చోటు ఉన్నా చాలా ప్రోగ్రాములు దాన్ని పట్టించుకోవు. ప్రింటరుకు వెళ్లే ఎస్‌టీఎల్ ఫైలులో అసలు ఆ చోటే లేదు. నువ్వు గీసిన వంద మిల్లీమీటర్లను అవతలి కంప్యూటరు వంద అంగుళాలుగా తీసుకుంటే ముక్క 25.4 రెట్లు పెరుగుతుంది. మరీ పెద్దదైతే ఎవరైనా పట్టుకుంటారు. అంగుళాల్లో గీసినది మిల్లీమీటర్లుగా మారి చిన్నదైపోతే, చిన్న ముక్కే కాబోలు అనుకుని కోసి చేతిలో పెడతారు. ఫైలుతో పాటు మొత్తం పొడవు, వెడల్పు కాగితం మీద రాసి ఇవ్వు. లేజర్ కోసేటప్పుడు కిరణం కూడా కాస్త చెక్కను తినేస్తుంది, అందుకని మొదట రెండు పళ్ల ముక్క ఒకటి కోయించి బిగువు చూసుకుని, ఆ తరువాతే షీటు ఇవ్వు.

ప్రతి పని పూర్తయిన రోజున నాలుగు కాపీలు దాచు: ఫ్రీక్యాడ్ సొంత ఫైలు, స్టెప్, డీఎక్స్‌ఎఫ్, కొలతలతో పీడీఎఫ్. ఎస్‌టీఎల్ ఒక్కటే దాచుకుంటే చాలదు, అందులో మిగిలేవి త్రికోణాలు మాత్రమే, మళ్లీ కొలత మార్చడానికి వీలుండదు. ఇవన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి కంప్యూటర్ ఉన్న గదిలో కాకుండా మీ అమ్మ బీరువాలో పెట్టు. కావలసిన వస్తువులకు కాగితం మీద ప్రింటు కూడా తీయి. ఇది ముసలివాళ్ల చాదస్తం అనుకోకు. నీ మనవరాలు ఆ స్టూలు కాలు విరిగిందని తెస్తే, ఆ కాగితం ఉంటే ఏ వడ్రంగి అయినా చేయగలడు.

రంపం దగ్గర చున్నీ వేసుకోవద్దు, ఇంతకు మించి ఆ విషయం నేను చెప్పను, మీ పెద్దమ్మ ఫోను చేసి చెబుతుంది.

చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చి నా స్టెన్సిల్‌తో గోడ మీద కూడా అంకెలు గీశావు. మీ పెద్దమ్మ తిడితే, అంకెలు నిలువుగా ఉన్నాయి చూడవే అని నేను వెనకేసుకొచ్చాను. ఆ చేతికి గీత మీద గౌరవం ఉందని అప్పుడే నాకు తెలుసు. ఈ వారం ఇంట్లో ఉన్న ఏదైనా చిన్న స్టూలును వెర్నియర్‌తో, టేపుతో కొలిచి, ఫ్రీక్యాడ్‌లో గీసి, టెక్‌డ్రా అనే దాని డ్రాయింగు వర్క్‌బెంచ్‌లో ముందు, పై, పక్క బొమ్మలు మూడూ తీసి పీడీఎఫ్ పంపు. ఆ బొమ్మలను షీటు మీద అమర్చడంలో మన దేశపు పద్ధతి ఫస్ట్ యాంగిల్, సెట్టింగులలో అదే ఉందో లేదో చూసుకో. ఎక్కడైనా కొలత మరిచిపోతే ఎర్ర పెన్నుతో చుట్టి తిరిగి పంపిస్తాను. ఆ అబ్బాయి పెన్‌డ్రైవు తెస్తే మాత్రం వెంటనే తిరిగి ఇచ్చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న