మైలాపూరు బిషప్ పీఠం ఏమైపోయింది?

ప్రశ్న: మద్రాసు శాంథోమ్ చర్చి చూసొచ్చామండి, ఒకప్పుడు మైలాపూరుకి వేరే బిషప్ ఉండేవారట, ఇప్పుడెందుకు లేరు? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: ఉండేవారండి, మూడొందల ఏళ్ల పైమాటే. 1606లో పోపు ఐదో పౌలు మైలాపూరు మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) పెట్టారు, అప్పట్లో కోరమాండల్ తీరం నుంచి బెంగాల్ దాకా ఈ ఒక్క పీఠం కిందే, అంత దూరం ఒక బిషప్ ఎలా తిరిగేవారో ఆలోచిస్తేనే ఆశ్చర్యమేస్తుంది. బిషప్‌ని ఎంచే హక్కు మాత్రం పోర్చుగల్ రాజుది, దాన్నే పద్రోఆదో అంటారు. అసలు తగువంతా ఇక్కడే. పక్కనే మద్రాసు కోటలో 1642 నుంచి రోము, అంటే పోపు, పంపిన కపూచిన్ అనే సన్యాసి సభ ఫాదర్లు పనిచేసేవారు, వాళ్లు రోము మాట వింటారు మైలాపూరు వాళ్లు పోర్చుగల్ మాట వింటారు, మధ్యలో నలిగింది మామూలు విశ్వాసులే, నాకు బాధనిపించేది అదే. 1838లో రోము మైలాపూరు అధికారం తీసేసింది, 1886 ఒప్పందంతో మళ్లీ ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో పోర్చుగల్ ఆ హక్కు వదులుకుంది, 1952లో మద్రాసు, మైలాపూరు పీఠాలు రెండూ కలిసి మద్రాసు-మైలాపూరు అగ్రపీఠం అయ్యాయి, మొదటి ఆర్చిబిషప్ లూయీ మథియాస్. అన్నట్టు మీ నెల్లూరు మేత్రాసనం కూడా 1928లో మద్రాసు నుంచి విడిపోయిందేనండి.