ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశారు

ప్రశ్న: మావారు సైన్యంలో 24 ఏళ్లు చేసి, హవల్దారుగా రిటైరై ఏడాదిన్నర అయింది. రెండుసార్లు కశ్మీర్‌లో ఉన్నారు. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాం. మొన్న పదిహేనేళ్ల మా అబ్బాయి సరదాపడి మా ఇద్దర్నీ యుద్ధం సినిమాకు తీసుకెళ్తే ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశారు. స్కూల్లో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటే రానన్నారు. 'నాన్న నిజంగా బోర్డర్‌లో ఉన్నారా, స్టోర్స్‌లో కూర్చున్నారా?' అని వాడు నన్ను అడుగుతున్నాడు. ఇంట్లో నోరు విప్పరు. పాత స్నేహితులు ఫోను చేస్తే మాత్రం హిందీలో పడీపడీ నవ్వుతారు. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియలు చూసుకుంటారు. ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ పని చేస్తున్నారు. ఇంగ్లిష్ సినిమాల్లో మాజీ సైనికులు ఉన్నట్టుండి తిరగబడటం చూశాక నాకు భయంగా ఉంది.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆయన మీమీద చెయ్యి చేసుకున్నారనో, పిల్లవాణ్ని బెదిరించారనో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉండి, రాయడానికి మొహమాటపడితే వెంటనే మళ్లీ రాయండి. అప్పుడు నా జవాబు వేరుగా ఉంటుంది. లేదంటే మీ భయానికి ఆయన కంటే సినిమాలే ఎక్కువ కారణం.

సైనికుడికి సినిమావాళ్ల దగ్గర ఎక్కువగా రెండే వేషాలు. జెండా పట్టినవాడు, మతి తప్పినవాడు. మీ అబ్బాయి తండ్రిలో మొదటివాణ్ని వెతుకుతున్నాడు, మీరు రెండోవాణ్ని తలచుకుని జడుసుకుంటున్నారు. ఆయన మాత్రం డ్యూటీ దిగి వచ్చి మీ ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తింటున్నారు.

మతి తప్పినవాడంటే అందరికీ గుర్తొచ్చే రాంబోనే తీసుకోండి. 1982లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా 'ఫస్ట్ బ్లడ్'లో కథానాయకుడు. వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాడు ఊరిమీద తుపాకీ ఎత్తడమే జనానికి గుర్తు. చివర్లో తన పాత కల్నల్ ముందు కూలబడి ఏడుస్తాడు. అక్కడ లక్షల డాలర్ల సామగ్రి నమ్మి అప్పగించారని, ఇక్కడ కార్లు పార్కింగ్ చేసే పనిలో కూడా నిలవలేకపోతున్నానని వాపోతాడు. ఇప్పుడు మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. సినిమా గురించి అంత రాసి, ఉద్యోగం గురించి ఒక్క ముక్క రాశారు. నా కన్ను అక్కడే ఆగింది. పదిమంది జవాన్లను నడిపించిన మనిషి ఇప్పుడు, అద్దం కూడా దించకుండా హారన్ కొట్టే కుర్రాళ్లకు గేటు తీస్తున్నారు. కశ్మీర్ కంటే ఆ గేటే ఆయన్ని ఎక్కువ నలుపుతూ ఉండవచ్చు.

ఇంట్లో సంగతీ అంతే. మీరు రాయకపోయినా ఊహించగలను: ఇన్నేళ్లూ ఫీజులు, గ్యాసు, ఆస్పత్రులు, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ మీ ఒక్కరి నెత్తిమీదే నడిచి ఉంటాయి. ఆయన సెలవుకు వచ్చి పోయే చుట్టం. ఇప్పుడు ఆ చుట్టం తిరిగి వెళ్లడం లేదు, చేద్దామంటే ఇంట్లో ఖాళీగా ఉన్న పని లేదు. గడియలు చూడటం ఒక్కటే మిగిలిందేమో! ఏదో ఒక బాధ్యత పూర్తిగా ఆయనకు వదిలేయండి. వదిలాక వెనకాలే వెళ్లి సరిదిద్దకండి, అదే కష్టం.

ఇక అబ్బాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా సైనికుడైన రెమార్క్ 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్' నవలలో, సెలవుకు వచ్చిన కుర్రవాణ్ని తండ్రి యుద్ధం కబుర్లు చెప్పమని తొలిచేస్తుంటాడు. మాటల్లో పెడితే అవి కొండంతలై తన అదుపు తప్పుతాయని కొడుకు భయం. మీ ఇంట్లో తండ్రీకొడుకుల స్థానాలు తారుమారయ్యాయి, అంతే. అంత దూరం ఎందుకు, మన భారతంలో యుద్ధం పద్దెనిమిది రోజులు. గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానంటే నచ్చజెప్పడంతో మొదలయ్యే శాంతిపర్వం సంస్కృతంలో అన్ని పర్వాల కంటే పెద్దది. మన సినిమాలు కురుక్షేత్రం అవగానే లైట్లు వేసేస్తాయి.

వాణ్ని యుద్ధం గురించి అడగవద్దనండి. మంచులో నీళ్లు ఎలా కాచుకునేవారు, లంగర్‌లో, అంటే సైనికుల వంటశాలలో, ఏం వండేవారు, ఇవి అడగమనండి. ఆ హిందీ స్నేహితుల మీద మీకు కాస్త కినుక ఉన్నట్టుంది. వారిలో దగ్గర్లో ఉన్నవారిని ఒక ఆదివారం భోజనానికి పిలవండి. ఆయన చెప్పనివి వారు చెబుతారు, పిల్లవాడు పక్కనే ఉంటాడు. స్కూలు ఉపన్యాసం మాట మరచిపోండి.

పీడకలలు, చిన్న శబ్దానికే అదిరిపడటం, తాగుడు పెరగడం వంటివి వారాల తరబడి కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. బతకాలని లేదన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మనసు డాక్టరంటే ఆయన రాకపోవచ్చు. 'నిద్ర సరిగా పట్టడం లేదు కదా, చూపించుకుందాం' అని మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కు మీరూ తోడు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీరే చేయండి, మీకూ అలసట ఉంది.

ఒక సంగతి మీరు రాయలేదు. ఇంటర్వెల్ తర్వాత మీరిద్దరూ సినిమా చివరిదాకా చూశారా? అంతసేపూ ఆయన ఎక్కడ కూర్చున్నారు?