కార్డు మీద వచనం, కార్డు బయట అధ్యాయం
(పాఠకుల ప్రశ్నలకు అయ్యగారి జవాబులు)

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకునే వచనం కార్డు) యిర్మీయా 29:11. మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే, హానికి కాదు, మీకు మంచి భవిష్యత్తు ఉంది అన్న మాట అది. మా బాబు ఉద్యోగం గురించే దేవుడు చెప్పిండని నమ్మి బీరువాకు అంటించిన. ఆరు నెలలు దాటింది, రెండు ఇంటర్వ్యూలు పోయినయి. నా విశ్వాసంలో లోపమా? లేక ఆ మాట మాకు కాదా?
– ఒక తల్లి, హసన్‌పర్తి

జవాబు: వందనాలమ్మా. లోపం మీ విశ్వాసంలో లేదు, ఆ వచనంలోనూ లేదు. కార్డులో పట్టేది ఒక్క వచనమే. దాని ముందూ వెనకా ఏముందో కార్డు చెప్పదు.

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజైన యెకొన్యాను, పెద్దలను, పనివాళ్లను బబులోనుకు చెరపట్టుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా రాసి పంపిన ఉత్తరం ఇది. 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. 6లో పెళ్లిళ్లు చేసుకోండి అంటాడు. 7లో మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటాడు. 10లో గడువు చెప్తాడు: డెబ్భై ఏళ్లు. మీ కార్డు మీది మాట ఆ తర్వాతి వచనం. విన్నవాళ్లలో చాలామంది తిరిగి వచ్చే రోజు చూడకుండానే కన్నుమూసి ఉంటారు.

వీలైతే దాని ముందున్న 28వ అధ్యాయం ఈ రాత్రే చదవండి. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, అందరి ముందు, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుందని చెప్తాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొడతాడు కూడా. జనానికి నచ్చే మాట అదే. యిర్మీయా ఉత్తరం ఇలాంటి మాటల మీదికే వచ్చింది. తొందరపాటు వాగ్దానాలను నమ్మొద్దని రాసిన ఉత్తరంలో నుంచి ఒక్క వచనం కోసి, దాన్నే మనం తొందరపాటు వాగ్దానం చేసుకున్నాం!

కాబట్టి ఆ వచనం మీ బాబుకు ఈ ఏడాదే ఉద్యోగం వస్తుందని చెప్పడం లేదు. ఆలస్యమైనా మిమ్మల్ని వదిలేయలేదని చెప్తోంది. ఈలోగా చేయాల్సిన పని 5, 6, 7 వచనాల్లో ఉంది: ఉన్నచోట ఇల్లు కట్టుకోవడం, తోట నాటుకోవడం. మీ బాబు విషయంలో అది ఇంకో కోర్సు కావచ్చు, చేతికందిన చిన్న కొలువు కావచ్చు. దాన్ని వాగ్దానం తప్పిపోయినట్టు చూడకండి.

ఏ కార్డు వచ్చినా మూడు సంగతులు చూసుకోండి. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అన్నారు? వెనక పది వచనాల్లో, ముందు పది వచనాల్లో ఏముంది? దానికి షరతేమైనా ఉందా? హాల్‌టికెట్ల మీద రాసుకునే ఫిలిప్పీయులకు 4:13 తీసుకోండి. సమస్తమును చేయగలను అన్న పౌలు అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. అంతకు ముందు 11, 12 వచనాల్లో కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానన్నాడు. అది పరీక్ష పాసయ్యే బలం కాదు, ఫెయిలైనా నిలబడే బలం. ఆటోల వెనక కనిపించే 91వ కీర్తన, దేవుడు కాపాడతాడనే కీర్తన, అయితే మరీ జాగ్రత్త. మత్తయి 4:6లో యేసును శోధిస్తూ దాన్ని వచనం కోసి వాడినవాడు అపవాది, అంటే సాతాను. కోసినప్పుడు "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్క వదిలేశాడు కూడా.

కార్డులు మానేయమని సంఘాలకు చెప్పను. వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా, "అధ్యాయమంతా చదవండి" అని అచ్చు వేయిస్తే చాలు.

ప్రశ్న: అగస్టీను భక్తుడు కూడా పుస్తకం తెరిచి, కన్ను పడ్డ చోట చదివే క్రైస్తవ విశ్వాసంలోకి మారాడు గదా? మరి కార్డు తీస్తే తప్పేంటి?
– ఒక వేదాంత విద్యార్థి, కాజీపేట

జవాబు: మంచి ఎదురు ప్రశ్న తమ్ముడూ. 386లో మిలాను తోటలో పక్కింటి పిల్లల పాటలా "తీసుకొని చదువు" అని వినబడి, పౌలు పత్రికలు తెరిచి రోమా 13:13–14 చదివాడన్నది నిజమే. ఆయన "ఒప్పుకోలు" గ్రంథం 8వ భాగంలో ఉందిది. 7వ భాగం చివర కూడా చూడు. అప్పటికే పౌలు పత్రికలను పట్టుపట్టి చదువుతున్నాడు. తోట సంఘటనకు ముందు ఇంటికి వచ్చిన స్నేహితుడికి బల్ల మీద కనబడిన పుస్తకమూ అదే. ఒక్క వచనం తగలడానికి వెనక అంత చదువు ఉంది.

అదే గ్రంథం చదవాలనుకునేవాళ్లకో మాట. 13 భాగాల్లో మొదటి 9 జీవిత కథ, చకచకా సాగిపోతాయి. 10 జ్ఞాపకశక్తి మీద, 11 కాలం మీద, 12, 13 ఆదికాండం మొదటి మాటల మీద. చాలామంది 10 దగ్గర పుస్తకం మూసేస్తారు. మొదటిసారికి 9తో ఆపితే తప్పేం లేదు.

ప్రశ్న: ప్రతి జనవరిలో బైబిల్ మొదలుపెడతా, లేవీయకాండం దగ్గర ఆగిపోతా. గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నా, టైం తక్కువ. ఏం చేయాలి?
– ఒక యువకుడు, హనుమకొండ

జవాబు: ఎక్కడ ఆగుతావో లెక్క వేస్తేనే తెలిసిపోతుంది. ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే వారానికి 23, 52 వారాలకు 1196. ఏడు అధ్యాయాల వెసులుబాటు మాత్రమే. ఆదికాండం 50, నిర్గమకాండం 40. అంటే జనవరి నెలాఖరుకు సరిగ్గా లేవీయకాండం గుమ్మంలో ఉంటావు. కొత్త సంవత్సరం ఊపు తగ్గేదీ అప్పుడే.

నిజానికి అలసట అంతకు ముందే మొదలవుతుంది. నిర్గమ 25 నుంచి 31 దాకా ప్రత్యక్ష గుడారపు (అరణ్యంలో ఆరాధనకు కట్టిన డేరా) కొలతలు, 35 నుంచి 40 దాకా అవే కొలతలతో పని. ఒకే సంగతి రెండుసార్లు చదువుతున్నట్టుంటుంది. మధ్యలో 32వ అధ్యాయంలో జనం చేసుకుని మొక్కిన బంగారు దూడ ఉంది. అది చూసి మోషే పది ఆజ్ఞల రాతి పలకలు పగలగొట్టిన తర్వాత కూడా అదే గుడారం, అదే కొలతతో కట్టారు. ఇది పట్టుకుంటే రెండోసారి చదవడం విసుగనిపించదు.

నీకున్న టైముకు నేను చెప్పే వరుస ఇది. ముందు మార్కు సువార్త, 16 అధ్యాయాలు. బిగ్గరగా చదివినా ఒక్క పూటలో అయిపోతుంది, ఆదివారం మధ్యాహ్నం కూర్చో. తర్వాత ఆదికాండం మొత్తం, నిర్గమ 1–20, 32–34. లేవీయకాండంలో మొదటి విడతకు మూడే: 16 ప్రాయశ్చిత్త దినం, 19 పొరుగువాడు, 25 యాభయ్యో ఏటి విడుదల. 19:9–10లో పొలం అంచుల దాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయమని ఉంటుంది. వరి కోతలప్పుడు పరిగ ఏరే ఆడవాళ్లను చూసినవాళ్లకు లేవీయకాండం పరాయి పుస్తకం కాదు. ఆ వెంటనే రూతు చదువు, ఆ చట్టం నడుస్తున్న పొలం కనబడుతుంది. ద్వితీయోపదేశకాండం 6 నుంచి 8 దాకా మాత్రం వదలకు. అరణ్యంలో అపవాదికి యేసు ఇచ్చిన మూడు జవాబులూ అక్కడివే.

ఒక రోజు తప్పితే బాకీ తీర్చబోకు. మూడు రోజులు తప్పితే తొమ్మిది అధ్యాయాలు మీద పడతాయి, నాలుగో రోజు పుస్తకమే తెరవవు. ఆగిన చోటి నుంచి ఆ రోజు భాగం చదివి ముందుకు పో. ఏడాదిన్నర పట్టినా పట్టనీ.

ప్రశ్న: మా అత్తమ్మకు చదువు రాదు. చదివి వినిపిస్తుంటే పాత తెలుగు అర్థం కాదంటది, కొత్త తెలుగు బైబిల్ తీస్తే "ఇది మన బైబిల్ కాదు" అంటది.
– ఒక కోడలు, ములుగు

జవాబు: రెండూ ఉంచుకో చెల్లీ. పాత అనువాదం కంఠస్థానికి, వాడుక తెలుగు అర్థానికి. ముందు వాడుక తెలుగులో ఒకసారి, వెంటనే అదే భాగం పాతదాంట్లో ఒకసారి చదువు. అత్తమ్మకు తన బైబిల్ తనకే ఉన్నట్టుంటుంది.

పది పదిహేను వచనాలకు మించొద్దు. ప్రతి వచనానికీ నువ్వు వివరం చెప్పబోకు, పెద్దవాళ్లు వినడం మానేసేది అక్కడే. చదివాక "ఏమైంది అత్తమ్మా?" అని ఆమెతోనే చెప్పించు. తప్పు చెప్తే సరిదిద్దకుండా ఆ రెండు వచనాలు మళ్లీ చదువు. రూతు నాలుగు అధ్యాయాలు, యోనా నాలుగు. మొదలుపెట్టడానికి ఇవి బాగుంటాయి. 23వ కీర్తన ఆరు వచనాలే, వారానికొకటి చొప్పున నోటికి వస్తుంది. ఫోన్లో ఆడియో పెడితే వెనక సంగీతం లేనిది వెతుకు, వేగం కాస్త తగ్గించు.

చదువు రానంత మాత్రాన ఆమె వెనకబడ్డట్టు కాదు. 1912లో డోర్నకల్ బిషప్పయిన అజరయ్య గారి కాలంలో పల్లె సంఘాల్లో చాలామంది అక్షరం రానివాళ్లే. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, బైబిలు కథలు, కీర్తనలు నోటి నుంచి నోటికే నేర్చుకున్నారు.

ప్రశ్న: బైబిల్ తర్వాత ఒక్క పుస్తకం చదవాలంటే ఏది?
– ఒక రిటైర్డ్ టీచర్, పరకాల

జవాబు: జాన్ బన్యన్ రాసిన "యాత్రికుని ప్రయాణము". అనుమతి లేకుండా ప్రసంగించినందుకు 1660లో పట్టుబడి, బెడ్‌ఫర్డ్ జైలులో సుమారు పన్నెండేళ్లు ఉన్నాడాయన. పుస్తకం మొదటి భాగం 1678లో, రెండోది 1684లో వచ్చింది. మొదటి భాగం చాలు. పేర్లన్నీ గుణాల పేర్లే కావడంతో పిల్లల కథ అనుకుని కొందరు పైపైన తిప్పేస్తారు. అలా చదివితే రెండు చోట్లు దాటిపోతాయి.

మొదటిది, క్రైస్తవుడు అనే పేరున్న ముఖ్య యాత్రికుడి వీపు మీది మూట, అంటే పాపభారం, ఎక్కడ జారిపడింది అన్నది. సిలువ దగ్గర, దారి మొదట్లోనే పడిపోతుంది. పెద్ద కష్టాలు చాలావరకు ఆ తర్వాతే. రెండోది సందేహపు కోట. నిరాశ అనే రాక్షసుడు ఇద్దరు యాత్రికులను బుధవారం పొద్దుటి నుంచి శనివారం రాత్రి దాకా తిండీ నీళ్లూ లేకుండా చీకటి కొట్లో పడేస్తాడు. శనివారం అర్ధరాత్రి ప్రార్థన మొదలుపెడతారు, తెల్లవారబోతుండగా క్రైస్తవుడికి తన రొమ్ములో దాచుకున్న తాళంచెవి గుర్తొస్తుంది. దాని పేరు వాగ్దానము. లోపలి తలుపులు సులువుగానే తెరుచుకుంటాయి. బయటి ఇనుప గేటు మాత్రం మహా మొండికేస్తుంది, చివరికి తెరుచుకుంటుంది. హసన్‌పర్తి అమ్మగారు కూడా ఈ ఘట్టం చదవాలి.

పద్యం మీద ప్రీతి ఉంటే జాషువా "క్రీస్తు చరిత్ర" తీయండి, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కావ్యం. హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉండగా, అన్నీ కొనాల్సిన పనేముంది?

ప్రశ్న: నర్సుని. నైట్ డ్యూటీలతో ప్రార్థనకు కూర్చోలేకపోతున్నా. కూర్చున్నా మనసు పొడిగా ఉంటోంది.
– వరంగల్

జవాబు: 13వ కీర్తన తీయమ్మా, ఆరే వచనాలు. 1, 2లో "ఎన్నాళ్ల వరకు" అన్న నిలదీత. 3, 4లో అడగడం. 5, 6లో నమ్మకం. వార్డులో నడుస్తూ కూడా ఈ మూడు మెట్ల మీద నీ మాటల్లో మూడు వాక్యాలు చెప్పుకోవచ్చు. మూడో మెట్టు రాని రోజు రెండింటితో ఆపు. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ముగుస్తుంది, అదీ బైబిల్లో ఉన్న ప్రార్థనే.

సహోదరుడు లారెన్స్ పేరు వినే ఉంటావు. పారిస్ మఠంలో వంటింటి పని చేస్తూ, గిన్నెల చప్పుడులోనూ దేవుని సన్నిధిలో ఉన్నవాడు. ఆయన మాటలు, ఉత్తరాలు కలిపి చిన్న పుస్తకంగా వచ్చాయి. వంటింటి మాట అందరూ ఎత్తుకుంటారు గానీ, మొదటి పదేళ్లు చాలా బాధపడ్డానని ఆయనే రాసుకున్న సంగతి వదిలేస్తారు.

ప్రశ్న: క్రైస్తవుడు పోతన భాగవతం చదవొచ్చా? మా సంఘంలో ఒకాయన తప్పన్నాడు.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: పోతన ఊరు బమ్మెరను మీ జిల్లాలోనే పెట్టుకుని ఇదా అడిగేది! ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాట ఎత్తి మాట్లాడాడు (అపొ. కార్య. 17:28). చదవకుండానే ఎత్తాడా?

అష్టమ స్కంధంలో గజేంద్రుడు "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అంటాడు. 22వ కీర్తన 14వ వచనంలో దావీదు "నా యెముకలన్నియు స్థానము తప్పియున్నవి" అంటాడు. పక్కపక్కన పెట్టి బిగ్గరగా చదవండి. అంతకు ముందు గజేంద్రుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు, దావీదు నన్నేల విడనాడితివని అడిగాడు. ఇంతవరకు దగ్గరదగ్గరే.

తేడా కూడా చూడాలి, కలగలిపేయొద్దు. గజేంద్రుడి మొర విని హరి వైకుంఠం నుంచి పరుగున వచ్చి ప్రాణం నిలబెడతాడు. మత్తయి 27:46లో ఆ కీర్తన మొదటి మాట సిలువ మీద యేసు నోట వస్తుంది, ఆయనను దించడానికి ఎవరూ రారు. మన విశ్వాసంలో విడుదల మరణం దాటాకే. పోతనను శ్రద్ధగా చదివినవాడికి ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అటునుంచి చూస్తే, దేశమంతా తిరిగిన రోజుల్లో వివేకానందుడు భగవద్గీతతో పాటు థామస్ అ కెంపిస్ రాసిన "క్రీస్తు అనుకరణ"ను వెంట ఉంచుకున్నాడు. ఆయన ధర్మమేం చెడలేదు.

ప్రశ్న: ఫోన్లో బైబిల్ చదివితే పరవాలేదా?
– నర్సంపేట

జవాబు: పరవాలేదు, నోటిఫికేషన్లు ఆపి చదవండి. ఒక్క ఇబ్బంది: వెతికితే ఫోన్ వచనమే చూపిస్తుంది, అది నొక్కి అధ్యాయం తెరవాలి. అచ్చు బైబిల్లో గీతలు గీసే అలవాటుంటే మెత్తని పెన్సిల్ వాడండి. ఆ కాగితం పల్చన, జెల్ పెన్ను సిరా అవతలి పేజీకి దిగుతుంది.