ట్యాంకు బొమ్మలు గీసే అబ్బాయి ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి మండలం. నాలుగెకరాల వరి, ఒక చైన్ మిషన్ (టైర్ల బదులు చైన్ల మీద నడిచే వరికోత మిషన్) ఉన్నాయి. కోతల సీజన్‌లో మిషన్ కిరాయికి తిప్పుతాను. మా అబ్బాయి నరసాపురంలో ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. రోజూ పంటు మీద రేవు దాటి వెళ్లొస్తాడు. చదువులో ఫర్వాలేదు గానీ నోటు పుస్తకాల వెనక పేజీల నిండా ట్యాంకులే. అవీ నిజం ట్యాంకులు కావు, వీడియో గేముల కోసం వాడు ఊహించుకున్నవి. గేముల్లో మిలిటరీ బళ్లు డిజైన్ చేసే ఉద్యోగం చేస్తాను, జేఈఈ వద్దంటున్నాడు. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? ఒక సంస్థ వాళ్లు ఏడాది గేమింగ్ కోర్సుకు లక్షల్లో ఫీజు చెబుతున్నారు, కట్టమంటారా? ల్యాప్‌టాప్ కూడా అడుగుతున్నాడు. ఈ తుపాకులూ యుద్ధాలూ చూస్తే వాళ్లమ్మకు టెన్షన్. వాడి బొమ్మలు మూడు పంపుతున్నాను.

జవాబు: ఉద్యోగం ఉందండి. ఫీజు మాత్రం కట్టకండి. ఎందుకన్నది తర్వాత చెబుతాను, ముందు బొమ్మల సంగతి చూద్దాం. మీరు అడిగినదానికి సగం జవాబు వాటిలోనే ఉంది.

మూడింటిలో 'మొసలి' అని పేరు పెట్టిన ఎనిమిది చక్రాల బండి నాకు నచ్చింది. నేల మీదా, నీళ్లలోనూ నడిచే బండట. చెయ్యి బాగా తిరిగింది, పర్‌స్పెక్టివ్ ఎక్కడా తప్పలేదు. అంతకన్నా నాకు ముచ్చటేసింది పక్కన రాసిన కొలతలు చూసి: పొడవు 7 మీటర్లు, వెడల్పు 3, కింది పెట్టె ఎత్తు 1.5, బరువు 40 టన్నులు. ఈ వయసులో బొమ్మ పక్కన కొలతలు రాసే పిల్లలు తక్కువ. సరే, ఆ కొలతలనే పట్టుకుందాం. బండి తేలాలంటే తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టాలి. ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను కాబట్టి, 40 టన్నుల బండి 40 ఘనపు మీటర్ల నీటిని నెట్టాలి. అడుగు భాగం 7 ఇంటూ 3, అంటే 21 చదరపు మీటర్లు. 40ని 21తో భాగిస్తే 1.9. అంటే బండి 1.9 మీటర్లు మునిగితే గానీ తేలదు. పెట్టె ఎత్తేమో మీటరున్నర! నరసాపురం రేవులో దింపితే దింపినచోటే గోదాట్లో కలిసిపోతుంది. ఈ లెక్క వాడికి రాక కాదు. బొమ్మ గీసేటప్పుడు ఫిజిక్స్ పుస్తకం పక్కన పెట్టేశాడు, అంతే.

మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారై మన సైన్యంలో తిరుగుతున్న బీఎంపీ-2 అనే, సైనికులను మోసే యుద్ధ బండి పొడవు, వెడల్పు 'మొసలి'కి దగ్గర దగ్గరగానే ఉంటాయి. బరువు మాత్రం 14 టన్నుల చిల్లర, అందుకే తేలుతుంది. నీళ్లలోకి దిగే ముందు అల ఎగిరి మీద పడకుండా ముక్కు దగ్గర ఒక రేకును పైకి లేపుతారు. నీళ్లలోనూ చైన్లే తిరిగి బండిని ముందుకు తీసుకెళ్తాయి.

అలాగని 'మొసలి'ని చింపేయనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 30 టన్నుల షెర్మన్ ట్యాంకులను కూడా నీళ్లలో తేల్చారు. ట్యాంకు చుట్టూ కాన్వాస్ గుడ్డను గోడలా పైకి లేపి, ఆ గుడ్డ కూడా నీటిని నెట్టేలా చేశారు. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో అలల పోటు ఎక్కువగా ఉన్నచోట వాటిలో చాలా మునిగిపోయాయి, అది వేరే సంగతి. మీ అబ్బాయి బరువైనా తగ్గించాలి, తేలడానికి ఒక ఏర్పాటైనా చూపించాలి. పక్కల నుంచి గాలి సంచులు ఉబ్బుతాయని అనుకుందాం. గేములో బండి రేవులోకి దిగుతుంటే అవి ఉబ్బడం ఆడేవాడి కళ్లెదుట జరుగుతుంది. ఆ బండి ఇక గుర్తుండిపోతుంది. నిజానికి గేములో ఏదైనా తేలుతుంది, నలభై టన్నులైనా నాలుగొందల టన్నులైనా కంప్యూటర్‌కు ఒకటే. చూసేవాడు నమ్మాలి కదా. నమ్మేలా చెయ్యడానికే డిజైనర్‌కు జీతం ఇచ్చేది.

ఇండస్ట్రియల్ డిజైన్ అనే చదువు నేర్పేది సరిగ్గా ఈ పనినే. మిక్సీ గానీ, స్కూటర్ గానీ, ట్రాక్టర్ గానీ ఎవరు వాడతారు, ఎక్కడ చెయ్యి వేస్తారు, దేంతో తయారవుతుంది, చెడితే ఎటు నుంచి విప్పుతారు అని అడిగి అడిగి దానికి రూపం ఇవ్వడం. లేని బండికి కూడా ఇవే ప్రశ్నలు. అమెరికాలో సిడ్ మీడ్ అనే ఆయన 1959లో ఫోర్డ్ కంపెనీలో కార్ల డిజైనర్‌గా చేరాడు. తర్వాత సినిమాలకు ఊహల్లోని బళ్లు గీశాడు. 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్'లో గాల్లో ఎగిరే పోలీసు కారు ఆయనదే. అది ఎగిరే కారైనా ఏదో ఒక ఫ్యాక్టరీలో తయారైనట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ 'మొసలి' దగ్గరికి. దానికి తలుపు లేదు. లోపల పదిమంది సైనికులని రాశాడు, వాళ్లు ఎటు నుంచి ఎక్కారు? బీఎంపీ-2కి వెనక రెండు తలుపులుంటాయి. చోటు చాలక ఆ తలుపుల్లోనే డీజిల్ కూడా నింపుతారు. ఇజ్రాయెల్ వాళ్ల మెర్కావా ట్యాంకులో ఇంజిన్ ముందు పెట్టారు. ఎదురు దెబ్బ తగిలితే ఇంజిన్ కూడా లోపలివాళ్లకు అడ్డు గోడ అవుతుంది, వెనక దిగడానికి తలుపు వస్తుంది. చూశారా, తలుపు ఎక్కడ పెట్టాలన్న ఒక్క ప్రశ్నతో ఇంజిన్ చోటే మారిపోయింది. ఇంకొకటి, 'మొసలి' ఫిరంగి కింద ముక్కు భాగం ఎత్తుగా ఉంది. గొట్టం కిందికి వంగదు. ఏటిగట్టు మీద నిలబడితే కింద చేలో ఉన్నది దానికి అందదు. చక్రాల మీద మడ్‌గార్డులు కూడా ఎంత దగ్గరగా వేశాడంటే స్టీరింగ్ తిప్పితే టైరు రాసుకుంటుంది.

ఇవి తప్పులని చెప్పి వాడిని నిరుత్సాహపరచకండి. ఇవి ఎక్కడ నేర్చుకోవచ్చో చెప్పండి. మీ ఇంటి ముందే ఉంది, చైన్ మిషన్. దాళ్వా కోతలప్పుడు ఒక పూట మీతో చేలోకి తీసుకెళ్లండి, పుస్తకం, పెన్సిల్ ఇచ్చి. తడి చేలో టైర్ల మిషన్ దిగబడితే చైన్ మిషన్ ఎందుకు సాగిపోతుందో మీకు చెప్పక్కర్లేదు, కానీ వాడు దాన్ని లెక్కగా చూడాలి. 60 టన్నులు దాటిన అమెరికా వాళ్ల ఏబ్రమ్స్ ట్యాంకు నేల మీద వేసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కిలో చుట్టుపక్కలే. కారు టైరులో మనం కొట్టించే గాలి ఒత్తిడే దానికి రెట్టింపు ఉంటుంది. చైన్ పొడవు, వెడల్పు కొలిచి, బరువు కనుక్కుని, మీ మిషన్ ఒత్తిడి ఎంతో వాణ్నే తేల్చమనండి. డ్రైవరు ఏ కాలు ముందు పెట్టి ఎక్కుతున్నాడు, చెయ్యి ఏ కడ్డీ పట్టుకుంటోంది, రేడియేటర్ జాలీకి పట్టిన పొట్టు దులపడానికి ఎన్నిసార్లు దిగుతున్నాడు, ఆ జాలీ మూత తియ్యడానికి స్పానర్ కావాలా, చెయ్యి చాలా అన్నవి గీయమనండి. ఊరు మారేటప్పుడు మిషన్‌ని లారీ ఎక్కిస్తారు కదా, రోడ్డూ చైనూ రెండూ అరిగిపోకుండా. నిజం ట్యాంకులు కూడా దూరాలు వెళ్లాలంటే ట్రెయిలర్లు, రైళ్లు ఎక్కాల్సిందే. అందుకని వాటికి కొక్కేలు, గొలుసులు తగిలించే చోట్లు ఉంటాయి. గేము బండి మీద ఆ కొక్కెం ఒక్కటి గీస్తే చాలు, అది బొమ్మ అన్న భావన పోతుంది.

పంటు కూడా అంతే. రేవులో నీటి మట్టం పోటుకూ పాటుకూ మారుతుంటే కారు దానిమీదికి ఎలా ఎక్కుతోందో రోజూ చూస్తూనే ఉన్నాడు. ఆ ర్యాంపు గీయమనండి.

గేముకు వేరే సూత్రాలు కూడా ఉన్నాయి. చాలా గేముల్లో ఆడేవాడు బండిని వెనక నుంచి చూస్తాడు. మీ అబ్బాయి పంపిన మూడు బొమ్మలూ ముందు నుంచి గీసినవే. ఆడినంతసేపూ కనిపించే వెనక భాగాన్ని ఒక్కసారి కూడా గీయలేదు. దూరం నుంచి నల్లని ఆకారంగా చూసినా ఇది మనదా, శత్రువుదా అని ఒక్క చూపులో తెలియాలి. 2001లో మొదలైన 'హేలో' గేముల్లో మనుషుల బళ్లు కోణాలతో, ఆకుపచ్చగా, సస్పెన్షన్ బయటికి కనిపిస్తూ ఉంటాయి. అవతలి గ్రహాంతర సైన్యానివి వంపులతో, ఊదా రంగులో, నేలకు తగలకుండా తేలుతుంటాయి. ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వస్తువులకు ఒకే పోలిక ఉండాలన్నది ఇండస్ట్రియల్ డిజైన్ పాఠమే. అదే గేములోని వార్‌ట్‌హాగ్ అనే జీపులో ఒకరు నడుపుతారు, ఒకరు పక్కన కూర్చుంటారు, ఒకరు వెనక తుపాకీ దగ్గర నిలబడతారు. ముగ్గురు స్నేహితులకు మూడు పనులు. సీట్లు ఎలా వేశారన్నదే అక్కడ ఆట.

ఇక చదువు. ఎంపీసీ మానొద్దు. ఇంటర్ తర్వాత బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ) కోసం యూసీడ్ అనే పరీక్ష ఉంది, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, మామూలుగా జనవరిలో. ఐఐటీ హైదరాబాద్ కూడా ఆ ర్యాంకుతోనే బీడిజైన్ సీట్లు ఇస్తుంది. కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు చేత్తో బొమ్మ గీసే భాగం ఉంటుంది. వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు కాబట్టి సరదాగా ఒకసారి రాసి చూద్దాం అనుకోవద్దు. పాత ప్రశ్నపత్రాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండోది ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల ప్రవేశ పరీక్ష డ్యాట్, ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు. మన రాష్ట్రంలోనే ఉన్న ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది. నన్నడిగితే మీవాడికి సరిగ్గా సరిపోయేది అదే.

రెండుచోట్లా సీటు రాకపోతే కొంప మునగదు. జేఈఈ, ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి. మెకానికల్ ఇంజినీరింగ్ చేసినవాళ్లు తర్వాత సీడ్ అనే పరీక్ష రాసి ఐఐటీల్లో ఎండిజైన్‌కు (డిజైన్‌లో పీజీ) వెళ్లొచ్చు. ఎన్ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ ఉంది. వాహనాల డిజైన్‌కు కూడా ఎన్ఐడీలో పీజీ ఉంది. గేర్‌బాక్స్ విప్పి చూసిన వాడు ట్యాంకు గీస్తే ఆ తేడా తెలుస్తుంది.

ఆ ఏడాది కోర్సు ఎందుకు వద్దన్నానంటే, అలాంటి చోట్ల నేర్పేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ బటన్లు. అవి ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. చేరేముందు ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లని నేను ఎవరినీ నమ్మను.

ఉద్యోగాల విషయం ఉన్నదున్నట్టు చెబుతాను. పెద్ద గేము కంపెనీల్లో రాక్‌స్టార్‌కు బెంగళూరులో, యూబీసాఫ్ట్‌కు పుణె, ముంబైల్లో, ఈఏకు హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. కానీ బండిని మొదటిసారి ఊహించి గీసే కాన్సెప్ట్ ఆర్టిస్ట్ సీట్లు తక్కువ, వాటిలో చాలా భాగం విదేశాల్లోనే. ఇక్కడ ఎక్కువగా దొరికేది, ఎవరో గీసిన బండిని 3డి మోడల్‌గా కట్టే పని. దాన్ని హార్డ్ సర్ఫేస్ మోడలింగ్ అంటారు. మీవాడు కూడా అక్కడే మొదలవుతాడు. స్టూడియోలు మూతపడటం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే కంపెనీ కూలిపోయినప్పుడు బెంగళూరు, ముంబైల్లో వీఎఫ్‌ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్), యానిమేషన్ వాళ్లు చాలామంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. పైగా ఇప్పుడు ఏఐని అడిగితే క్షణాల్లో పది ట్యాంకులు గీసిస్తుంది. వాటికీ తలుపులుండవనుకోండి! అందుకే వట్టి గేమింగ్ డిప్లొమా కన్నా ఇండస్ట్రియల్ డిజైన్ డిగ్రీ నయం అంటున్నాను. గేముల్లో గిరాకీ లేని ఏడాది ట్రాక్టర్ల కంపెనీకో, స్కూటర్ల కంపెనీకో, ఆసుపత్రి పరికరాలు చేసేవాళ్లకో వెళ్లొచ్చు.

అమ్మగారి టెన్షన్ గురించి: వాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడు, ఎన్ని గంటలు గీస్తున్నాడు అన్నది గమనించమనండి. గీసేది ఎక్కువైతే కంగారు అక్కర్లేదు. ఆడేది ఎక్కువైతే, తర్వాత ఏ కోర్సులో చేర్చినా ఉపయోగం లేదు, ముందు ఆ సంగతే చూసుకోవాలి.

ల్యాప్‌టాప్ ఇప్పుడే వద్దు. రెండో ఏడాది పరీక్షలయ్యాక కొనండి. అప్పటిదాకా పెన్సిల్, స్కేలు, కొలత టేపు చాలు, ఎలాగూ యూసీడ్‌లో గీసేది కాగితం మీదే. కొనేటప్పుడు షాపువాడు గేమింగ్ ల్యాప్‌టాప్ అని రంగు లైట్లవి చూపిస్తాడు, లైట్లకు డబ్బు పెట్టకండి. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయా అని అడగండి. 3డి మోడలింగ్‌కు బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పైసా కట్టక్కర్లేదు. డబ్బు మిగిలితే ఒక చిన్న పెన్ టాబ్లెట్ (కంప్యూటర్‌లో పెన్నుతో బొమ్మ గీసే పలక) కొనివ్వండి, మూడు నాలుగు వేలల్లో దొరికేది చాలు.