సింగర్ కాలు మిషను మడత బల్ల: ఎన్నాళ్లది, ఎంత పలుకుతుంది?

హెడ్డును, అంటే పైనున్న కుట్టే భాగాన్ని, లోపలికి దించి పలక మూస్తే మామూలు బల్లలా కనిపించే సింగర్ కాలు కుట్టు మిషను మీది. నంబరు ‘వై’తో మొదలవుతోంది, వయసెంత, ధరెంత అని అడిగారు. ముందు ఒక సంగతి: ఆ నంబరు హెడ్డుది, బల్లది కాదు. హెడ్డు ఒక మిషనుది, బల్ల ఇంకో మిషనుది కావడం పాతవాటిలో మామూలే. రెండూ విడివిడిగా చూడాలి.

నంబరు హెడ్డు అడుగు పలక మీద కుడివైపు, చక్రం దగ్గర ఉంటుంది. వై అక్షరం ఒక్కటే ఉండి, వెనక అంకెలుంటే స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1920ల మొదటి నుంచి 1930ల మధ్య లోపు తయారైనది. 1935 ప్రాంతంలో అక్కడ ఈఏతో రెండక్షరాల వరస మొదలైంది. ఈజీ, ఈహెచ్ అంటే 1950 అటూ ఇటూ. 1900కు ముందువాటికి అక్షరమే లేదు, వట్టి అంకెలే. సింగర్ కంపెనీ నూరేళ్ల గుర్తుగా 1851–1951 అని ఉన్న నీలం బిళ్ల చూసి ధర పెంచేస్తుంటారు గానీ బిళ్లను ఊడదీసి ఇంకో హెడ్డుకు బిగించడం ఎంతసేపు? నంబరునే నమ్మండి.

అసలు పని బల్ల దగ్గరే. పెద్ద సైజు హెడ్డు అడుగు పలక 14½ అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు. బల్లలో కోసిన గుంటలో అది చుట్టూ సమానమైన సందుతో కూర్చోవాలి. ఒకవైపు చెక్కముక్క అతికించి ఉన్నా, అంచు ఆకురాయితో అరగదీసినట్టున్నా జత మారిందన్నమాట. తర్వాత బెల్టు తీసి, హెడ్డు వెనకున్న రెండు బందుల మరలు వదులు చేసి, హెడ్డును పైకెత్తి తీసేయండి. ఇప్పుడు బందుల చుట్టూ చెక్క చూడండి. దశాబ్దాలుగా కదలని బందు కింద చెక్క రంగు వేరుగా, సరిగ్గా ఆ బందు ఆకారంలోనే ఉంటుంది. పక్కన ఖాళీ మర రంధ్రాలు, మైనంతో పూడ్చిన గుంటలు కనిపిస్తే అక్కడ ఇంతకుముందు వేరే బందులున్నాయి. నక్షత్రపు గాడి మరలుంటే ఆ చోటు తర్వాత విప్పి బిగించినదే. పాతవాటికి ఒకే గీత గాడి. పలక పైన సన్‌మైకా ఉంటే ఆ పైపలక తర్వాత మార్చినది, స్టాండు మాత్రం పాతదే కావచ్చు.

స్టాండు పోత ఇనుము. సింగర్ అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, మొద్దుబారి మసగ్గా ఉన్నాయా చూడండి. మసగ్గా ఉంటే నకలు పోత అని అనుమానించాలి. పెడల్ మీద పాదం ఆనేచోట నగిషీ అరిగి నున్నబడటం మంచి గుర్తు, అది ఎవరూ కల్పించరు. కాళ్లు, అడ్డ కడ్డీలు కలిసే మూలల్లో పగుళ్లు వెతకండి, పోత ఇనుము అతుకు ఒక పట్టాన నిలవదు.

ధర విషయానికొస్తే, ఇవి లక్షల్లో తయారైన వస్తువులు. మామూలు మోడల్ బాగా నడుస్తున్నా వేలల్లోనే పలుకుతుంది. లక్షలు అడిగే ప్రకటనలు అడిగినవే, అమ్ముడైనవి కావు. లోపల ఎర్ర పాదరసం అనే ఎంతో విలువైన పదార్థం ఉంటుందన్న పుకారు 2009లో సౌదీలో ధరల్ని ఆకాశానికెత్తింది. అందులో ఉన్నది ఇనుము, నూనె, అంతే.

లెక్క ఇలా వేయండి. హెడ్డు, స్టాండు, చెక్కపని వేరువేరుగా. హెడ్డుకు దాని షటిల్, బాబిన్, బంగారు పూల డిజైను నిలిచి ఉన్నాయా అన్నది ముఖ్యం. స్టాండుకు డైనింగ్ టేబుళ్ల కాళ్లుగా విడిగా గిరాకీ ఉంది, కాబట్టి మొత్తం బేరం దానికంటే తగ్గకూడదు. చెక్కపొర లేచినా, చెదలు తిన్నా, సొరుగు పోయినా వడ్రంగి ఖర్చు తీసేయండి. తోలు బెల్టు తెగితే మాత్రం తగ్గించొద్దు, కొత్తది చవకే.

అమ్మేముందు తళతళలాడించాలని చూడొద్దు. స్పిరిట్, థిన్నర్ తగిలితే పూల డిజైను గుడ్డకు వచ్చేస్తుంది; దూదితో మిషను నూనె చాలు. మోసేటప్పుడు హెడ్డు విడిగా దించండి, స్టాండుతో పాటు వెనక్కి వంచితే హెడ్డు బరువుకు బందు విరుగుతుంది. విదేశాలకు పంపాలంటే ఇంకోటుంది: నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందకు రావచ్చు, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం కోసం ముందే పురావస్తు సర్వేక్షణ శాఖను అడగండి. మీ వై నంబరు 1920ల మొదట్లోదైతే ఆ గీత దాటేసినట్టే.