47.6 కిలోల దగ్గర లోపెజ్, 49 దగ్గర గొంజాలెజ్

మెక్సికో బాక్సర్ రికార్డో లోపెజ్, నికరాగ్వా బాక్సర్ రోమన్ గొంజాలెజ్ ఇద్దరూ మంచి ఊపు మీదున్నప్పుడు రింగులకు దిగితే ఎవరు గెలుస్తరని అడిగిండ్రు. ముందుగాల ఏ కాంట మీద, అంటే ఏ బరువు తరగతిల అన్నది తేలాలె. 105 పౌండ్లు, అంటే 47.6 కిలోల దగ్గరైతే లోపెజ్, జడ్జిల పాయింట్లల్ల 115-113. 108 పౌండ్లు, అంటే 49 కిలోలైతే గొంజాలెజ్. తేడా కిలోన్నర కూడ లేదు, దానికే జవాబు తిరగబడ్తది.

లోపెజ్‌వి 51 గెలుపులు, ఒక్క డ్రా, ఓటమి సున్న. మనోళ్లు ఆ సున్న చూపిచ్చి వాదన మూసేస్తరు. చూడాల్సింది ఆ ఒక్క డ్రా. 1998 మార్చి, మెక్సికో సిటీ, ఎదురుగ నికరాగ్వా రోసెండో అల్వారెజ్. రెండో రౌండ్ల లోపెజ్ కింద పడ్డడు, అన్నేండ్ల కెరీర్‌ల అదే మొదటిసారి. అల్వారెజ్ జాబ్‌కు (ముందు చేత్తోని కొట్టే సూటి గుద్దు) జంకి దూరం నిలవడలే, తగిలితే తగిలిందని మీదికొచ్చిండు. తర్వాత తలలు గుద్దుకొని లోపెజ్‌కు గాయమైతే ఆట ఆపి టెక్నికల్ డ్రా ఇచ్చిండ్రు. అదే ఏడాది నవంబర్‌ల లాస్ వెగాస్‌ల మళ్ల కొట్టుకున్నరు. ఈసారి అల్వారెజ్ కాంట మీద హద్దు కంటె ఎక్కువ బరువు తూగిండు. అయినా లోపెజ్ 12 రౌండ్లు నిలవడి స్ప్లిట్ డెసిషన్‌తోని, అంటే ముగ్గురు జడ్జిలల్ల ఇద్దరి మాటతోని గెలిచిండు. మీదిమీదికొచ్చే మనిషికి మందు ఏందో ఆయనకు అప్పటికి తెలిసింది.

గొంజాలెజ్‌దీ నికరాగ్వానే, మీదికొచ్చుడులో అల్వారెజ్ కంటె నాలుగాకులు ఎక్కువ చదివినోడు. ఉత్తగ ఉరికి రాడు. తల కుడివైపుకు తప్పిచ్చుకుంట అర అడుగు లోపలికొస్తడు, ఎడమ హుక్ (పక్క నుంచి వంచి కొట్టే గుద్దు) పక్కటెముకల కింద దింపుతడు, ఎంబడే కుడి అప్పర్‌కట్ (కింద నుంచి పైకి లేపే గుద్దు), మళ్ల పక్కకు జరుగుతడు. ఇక్కడ్నే చిక్కు. ఆయన తల కుడికి పోయిందంటే అది లోపెజ్ ఎడమ చేతికి ఎదురుగ వచ్చినట్టు. జాబ్ కొట్టిన అదే చెయ్యి వెనక్కి గుంజకుండ అప్పర్‌కట్‌గ లేపుడు లోపెజ్‌కు వెన్నతో పెట్టిన విద్య. పైంగ లోపెజ్ ఐదడుగుల ఐదంగుళాలు, గొంజాలెజ్ ఐదడుగుల మూడు. 47.6 కిలోల ఆటల రెండంగుళాలంటే మస్తు.

నమ్మకుంటే మీ దగ్గరి పిల్లలతోని చేసి చూడుండ్రి. స్పారింగ్ (ఒకళ్లనొకళ్లు నిజంగ కొట్టుకునుడు) వద్దు, చేతికి తొడిగే ప్యాడ్ల మీద కొడితే చాలు. పొడుగు పిల్లగానికి జాబ్, ఎడమ అప్పర్‌కట్ రెండే ఇయ్యాలె. పొట్టి పిల్లగాడు మొదటి మూడు నిమిషాలు తల కుడికే తప్పియ్యాలె, రెండో మూడు నిమిషాలు ఒకపారి కుడికి, ఒకపారి ఎడమకు. మొదటి రౌండ్ల అప్పర్‌కట్ ఎన్నిసార్లు దొరుకుతదో, రెండో రౌండ్ల ఎన్నిసార్లో లెక్క రాసుకోండ్రి. గొంజాలెజ్ ఆ రెండో రౌండ్ తీరుగ ఆడినప్పుడే లోపెజ్‌కు కష్టం. అందుకే రెండు పాయింట్ల తేడానే ఇచ్చిన.

మరి 49 కాడ ఎందుకు తిరగబడ్తది? లోపెజ్ 108 పౌండ్లకు వచ్చింది 1999ల, అప్పటికి 33 ఏండ్లు. చివరి ఫైట్ 2001ల. గొంజాలెజ్‌కు అదే బరువు పాతికేండ్ల వయసుల పడ్డది. 2012ల లాస్ ఏంజెలిస్‌ల మెక్సికో బాక్సర్ ఎస్ట్రాడాను ఓడిచ్చింది ఆ బరువులనే. దూరం నుంచి ఆడేటోళ్లు ఆయనను ఇబ్బంది పెడ్తరని ఆ ఫైట్ల కనవడ్తది గని, ఆపుతరని కనవడదు. 2017ల థాయ్‌లాండ్ బాక్సర్ శ్రీసాకెట్ చేతుల రెండుపార్ల ఓడింది 115 పౌండ్ల కాడ, తన కంటె మొద్దు ఒళ్లున్న మనిషితోని. దాన్ని ఇక్కడికి తెచ్చి కలుపొద్దు.

ఈ కాంట లెక్క మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ ముచ్చట వచ్చేసరికి అందరూ మర్చిపోతరు. 2018 మేరీ కోమ్, 2022 నిఖత్ అని పోటీ పెడ్తరు. మేరీ ఆరో ప్రపంచ బంగారం 48 కిలోలది, నిఖత్ ఇస్తాంబుల్ బంగారం 52 కిలోలది. నాలుగు కిలోల దూరం! 2019ల ఇండియా జట్టు ఎంపిక ట్రయల్‌ల 51 కిలోల కాడ మేరీ 9-1తోని గెలిచిందని ఇంకోళ్లు లేస్తరు. అప్పుడు నిఖత్‌కు 23 ఏండ్లు, ఇస్తాంబుల్ నిఖత్ వేరే మనిషి.

52 కిలోల మనిషి రెండు కిలోలు దించుడంటే ఒంట్ల దగ్గరదగ్గర నాలుగు శాతం. 92 కిలోలోడికి అది రెండు శాతమే. ప్రొఫెషనల్స్‌కు కాంట ముందురోజు, మధ్యల రాత్రంత దొరుకుతది. అమెచ్యూర్లకు ఫైట్ ఉన్న పొద్దుగాలనే కాంట. ఇది తెల్వక కొందరు కోచ్‌లు రోళ్లు పగిలే ఎండల పిల్లలకు ప్లాస్టిక్ జాకెట్లు ఏసి ఉరికిస్తరు. కాంట మీద బరువు తగ్గుతది నిజమే, పోయింది మాత్రం నీళ్లు. రెండో రౌండ్‌కు పిక్కలు పట్టేస్తయి, జాబ్ కనవడ్తది గని తల జరగదు. వారానికి అర కిలో చొప్పున నెల రోజులు దించాలె, చివరి రోజులల్ల తొక్కు, అప్పడాలు బంద్ జెయ్యాలె. కాంట దిగినంక ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెం, అరటిపండు, రెండు ఇడ్లీలు. బిర్యానీ తిన్నోడు రింగుల కక్కుతడు.

నిఖత్, మేరీ ఇద్దరూ మంచి వయసుల 50 కిలోల కాడ కలిస్తే ఐదుగురు జడ్జిలల్ల ముగ్గురు నిఖత్‌కే ఇస్తరు. 48 అంటే మాత్రం మన బిడ్డ కాంట దిగేసరికే సగం ఖాళీ అయితది.